తెలిసినట్లుండు పదము

కంచికచర్ల సమీపమున పరిటాలలో 2003లో ప్రతిష్ఠితమైన 135 అడుగుల ఆంజనేయస్వామిని దర్శించి, ఇల్లు చేరి, వాల్మీకి సుందరకాండ పారాయణకు కూర్చుండిన భక్తునకు "హరిపుంగవుడు" అను పదము ఎదురగును. హరిభక్తులలో శ్రేష్ఠుడని అతడు మురిసి ముందుకు సాగును. భావము మధురమే; అర్థము మాత్రము అది కాదు.

మునిపుంగవుడనగా మునులలో శ్రేష్ఠుడు. ఆ రీతినే ఇతడు హరులలో శ్రేష్ఠుడు కావలెను. శ్రీహరి యొక్కడే గదా, "హరులలో" అనుట ఎట్లు పొసగును? ఈ సందేహమే దారి చూపును. వర్ణింపబడువాడు హనుమంతుడు, అతని తోడివారు వానరులు. కనుక ఇచట హరి యనగా వానరము. అమరకోశమున నానార్థవర్గము తెరచినచో హరిశబ్దమునకు విష్ణువు, సూర్యుడు, సింహము, కప్ప మున్నగు అర్థములతోపాటు కపి యను అర్థమును కానవచ్చును.

తెలియని పదము మనలను నిలిపి అడుగజేయును. తెలిసినదనుకొన్న పదమే మోసగించును. భక్తితో చదువునపుడు అర్థము తప్పిన నేమి యని కొందరందురు. భగవంతుడు భావమునే గ్రహించుగాక. మన యిష్టమును ఋషివాక్యమని చెప్పుకొనుట మాత్రము భక్తి కానేరదు. ఊహింపవచ్చును, ఆ ఊహను పరీక్షకు నిలుపవలెను. తన యెరుకను తాను శంకించుకొనుటయు వినయమే.