రెండు గడియారాలు, ఒకే కాలం

ధ్వనిని అంకెలుగా, అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే పరికరాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మైకులు ఎక్కువై ఒకటి చాలనప్పుడు ఒకే కంప్యూటర్‌కు రెండు మూడు ఇంటర్‌ఫేస్‌లను కలపడం పైకి యంత్రానికి సంబంధించిన పనిగానే కనిపించినా, అందులోని చిక్కు తత్త్వశాస్త్రంలో చాలా పాతది: ఎవరి గతిలో వారు నడిచే రెండింటికి ‘ఒకేసారి’ అన్నది ఎలా సాధ్యం?

ప్రతి ఇంటర్‌ఫేస్‌లోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం గడియారంలా కంపిస్తుంటుంది. ఆ కంపనాలను అనుసరించి పరికరం సెకనుకు, ఉదాహరణకు, 48,000 సార్లు ధ్వనిని కొలుస్తుంది, ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. ఏ రెండు స్ఫటికాల వేగమూ అచ్చంగా ఒకటి కాదు. పది లక్షలకు పది పాళ్ల తేడా ఉన్నా గంటలో రెండు రికార్డింగుల మధ్య 1,728 శాంపిళ్లు, అంటే 36 మిల్లీసెకన్ల ఎడం ఏర్పడుతుంది. గాత్రం ఒకదానిలో, మృదంగం మరొకదానిలో నమోదైన కచేరీలో అది లయను చెడగొట్టడానికి చాలు. అయినా తన లెక్కలో ఏ పరికరమూ తప్పలేదు.

ఆత్మకూ శరీరానికీ ఉన్న పొందికను వివరిస్తూ జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1696లో రెండు గడియారాల దృష్టాంతాన్నే ఎంచుకున్నాడు. అవి ఒకదానినొకటి ప్రభావితం చేయవచ్చు, ఒక పనివాడు అనుక్షణం వాటిని సరిదిద్దుతుండవచ్చు, లేదా ఆదిలోనే లోపం లేకుండా నిర్మితమై ఉండవచ్చు. ఒక ఇంటర్‌ఫేస్ స్పందనలను కేబుల్ ద్వారా మరొకదానికి అందించే వర్డ్ క్లాక్ మొదటి మార్గానికి దగ్గరిది. మ్యాక్ కంప్యూటర్లలో పలు పరికరాలను ఒకటిగా కూర్చి, ఎడమైన దాని శాంపిళ్లను ఎడతెగకుండా తిరిగి గణించే డ్రిఫ్ట్ కరెక్షన్ రెండవది. లైబ్నిజ్ సత్యమని నమ్మిన మూడవ మార్గం మాత్రం మనుషులు చేసిన వస్తువులకు అందదు, అందుకే ఆయన దానిని ఈశ్వరుని నైపుణ్యానికి విడిచిపెట్టాడు.

గడియారాల పొందిక నుంచి కాలం వైపు తిరిగితే, భారతీయ దర్శనాలలో ఒకటైన వైశేషికం తొమ్మిది ద్రవ్యాలలో కాలాన్ని ఒకటిగా లెక్కిస్తుంది. అది కంటికి కనిపించదు. ముందు, వెనుక, ఏకకాలం, ఆలస్యం అనే ప్రతీతులను బట్టి అనుమేయం, అంటే ఊహించి తెలుసుకోదగినది. తర్కసంగ్రహం రచించిన తెలుగువాడు అన్నంభట్టు కూడా కాలం ఒకటే, నిత్యం, సర్వవ్యాపకం అన్నాడు. క్షణం, గంట అనే విభాగాలు ఉపాధుల వల్ల కలుగుతాయి. ఒకటిగా ఉన్నదానిని పలుగా తోచేలా చేసే నిమిత్తమే ఉపాధి. ఈ దృష్టిలో స్ఫటికమూ ఉపాధే. రెండు స్ఫటికాలు ఎడమయ్యాయనాలంటే ఆ రెండింటికీ ఆధారమైన ఒక కాలాన్ని ఒప్పుకోవాలి, లేకుంటే అవి సంబంధం లేని రెండు లెక్కలుగా మిగిలేవి.

ప్రతిదీ క్షణమాత్రమే నిలుస్తుందనే క్షణికవాది అయిన బౌద్ధుడు దీనికి సమ్మతించడు. మూడవ గడియారంతో పోల్చితే చాలునని, వేరే కాలద్రవ్యం అక్కరలేదని అతని వాదం. ఆచరణ అతనికే అనుకూలం. ప్రధాన గడియారంగా ఎంచుకున్నది యథార్థమైనది కానవసరం లేదు, మిగిలినవి దానిని అనుసరిస్తే చాలు. అది మందగిస్తే అన్నీ కలిసే మందగిస్తాయి, లయ చెదరదు. అయితే మూడవదీ మందగించిందేమో తేల్చడానికి నాలుగవది కావలసి వస్తుంది, దానికి ఐదవది. ఈ అనవస్థను, అంటే అంతులేని వెనుకడుగును, బౌద్ధుడు నిరపాయమని భావించినా, ప్రతి మెట్టులోనూ ‘మందగించింది’ అన్న మాట అర్థవంతంగానే మిగలడాన్ని వైశేషికుడు ఊహించి తెలుసుకున్న కాలమే మెరుగ్గా వివరిస్తుంది.