యజమానుని కన్ను, దేవుని కన్ను

మన సంఘముల బిడ్డలనేకులు నేడు పట్టణపు ఆఫీసులలో కంప్యూటరు ముందు పనిచేయుచున్నారు. వారు ఇంటర్నెట్‌లో ఏమి చూచుచున్నారో యజమానుడు కనిపెట్టుట న్యాయమా?

కొన్ని సైట్లు తెరువకుండ అడ్డుకట్టుట చేనికి కంచె వంటిది. కంచె అందరికిని కనబడును. రహస్యముగా ఒకరి మాటలు చదువుట వేరు. రొమేనియా దేశములో 2007లో ఒక కంపెనీ, సొంత పనులకు కంప్యూటరు వాడరాదను నియమము పెట్టి, తన ఇంజనీరు సహోదరునికిని, పెండ్లికి నిశ్చయమైన స్త్రీకిని వ్రాసినవి చదివి అతనిని తీసివేసెను. ఇట్లు చూచెదమని అతనికి ముందుగా తెలిపిరో లేదో ఆ దేశపు కోర్టులు సరిగా విచారింపలేదనియు, అతని ఆంతరంగిక జీవితమునకు కాపుదల దొరకలేదనియు 2017లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పెను.

మనుష్యుల కంటికొరకు కాక ప్రభువునకు భయపడి పనిచేయవలెనని పౌలు దాసులకు బోధించెను (కొలొస్స. 3:22). యజమానులకును పరలోకమందొక యజమానుడున్నాడని వెంటనే జ్ఞాపకము చేసెను (4:1). కాబట్టి పనివేళను దొంగిలించు సేవకుడును, చాటున పొంచియుండు యజమానుడును ఒక్క న్యాయాధిపతి యెదుటనే నిలుతురు.

అరణ్యములో దేవుడు హాగరును చూచెను; తప్పుపట్టుటకు కాదు, ఆమె శ్రమను ఆలకించి ఆదరించుటకు (ఆది. 16). మన చూపు అట్టిదేనా?

పనిచేయించువారలారా, చూడదలచినది ముందుగా చెప్పుడి. పనిచేయువారలారా, ఎవరును చూడని గడియలోను నమ్మకముగా నుండుడి.