బొమ్మా, బొరుసూ

ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి వాషింగ్టన్ డి.సి. చూపించడం మా వర్జీనియా వాళ్ళకి తప్పని డ్యూటీ. నేషనల్ గాలరీలో వాళ్ళు డావిన్చీ బొమ్మ దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే, నేను కింది అంతస్తుకి జారుకుంటాను. 1957లో క్రెస్ సేకరణతో పాటు గాలరీకి చేరిన కంచు పతకాలంటే నాకెందుకో ఇష్టం.

అందులో ఒకటి పిసానెల్లో 1447లో చేసిన చెచీలియా గొంజాగా పతకం. అరచేతిలో ఇమిడిపోతుంది. బొమ్మ వైపు, పక్కకి తిరిగిన అమ్మాయి ముఖం. బొరుసు వైపు, నెలవంక కింద బండల మధ్య అర్ధనగ్నంగా కూర్చున్న ఒక కన్య, పక్కనే ఒంటికొమ్ము జంతువు. గుర్రం అంటారు గానీ నాకు బొచ్చుమేకలా కనిపిస్తుంది! కన్యకి తప్ప అది ఇంకెవరికీ లొంగదని యూరప్‌లో పాత నమ్మకం. మన ఋష్యశృంగుడు గుర్తొస్తాడు. కాకపోతే ఆయన్ని అడవిలోంచి రప్పించింది వేశ్యలు.

చెచీలియా మాంతువా ప్రభువు కూతురు. విత్తొరీనో అనే గొప్ప గురువు దగ్గర చిన్నప్పుడే గ్రీకు నేర్చింది. తండ్రి ఉర్బీనో వారసుడితో సంబంధం కుదిర్చాడు. పిల్ల సన్యాసినినవుతానంది. ఆయన ససేమిరా అన్నాడు. 1444లో ఆయన పోయాక, మరుసటి ఏడు గానీ ఆమె మఠంలో చేరలేకపోయింది. అంటే ఈ పతకం చేసేనాటికి ఆమె సన్యాసిని అయి రెండేళ్ళు. అయినా ఒంటిమీద రాచదుస్తులే. తల చుట్టూ లాటిన్‌లో "కన్య చెచీలియా, మాంతువా మొదటి మార్క్విస్ కూతురు" అని రాసుంటుంది. ఎవర్ని ఎదిరించిందో ఆయన పేరే!

ఇన్నాళ్ళూ దీన్ని అందం కోసమే చూశాను. పోయిన వేసవిలో మా అమ్మాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీకి ఆహ్వానం నేనే తయారుచేశాను. దాని మీద కూచిపూడి రంగప్రవేశం ఫొటో పెట్టాను. అది పద్నాలుగేళ్ళప్పటిది. ఆ తర్వాత మూణ్ణెల్లకే అది గజ్జెలు అటకెక్కించేసింది, మళ్ళీ ముట్టుకోలేదు. రెండొందలమందికి ఈమెయిల్ వెళ్ళిపోయాక చూసి, "నన్ను అడగొచ్చు కదా నాన్నా" అంది. అంతే. గొడవపడినా బావుండేది.

నేను అబద్ధమేమీ పెట్టలేదు. ఆ ఫొటోలో ఉన్నది అదే. మరి తప్పెక్కడ? పెద్దయ్యాక ఆ ఫొటో కోసం అదే వెతుక్కుంటుందని మా ఆవిడ అంటుంది. నిజమే కావచ్చు. కానీ పదేళ్ళ తర్వాత నచ్చుతుందని ఇవాళ అడక్కుండా చేసెయ్యొచ్చా? రెజ్యూమెలో ఒక్క లైను నన్నడక్కుండా ఎవరైనా మారిస్తే ఎగిరిపడే మనిషిని నేను. ఇంకోపక్క, ఈ పతకమే లేకపోతే 1451లో, పాతికేళ్ళకే పోయిన ఆ పిల్ల ముఖం నాకు తెలిసేదా? పైగా వాళ్ళు నాకంటే నయం. ఆమె ఎంచుకున్న జీవితానికి బొరుసైనా ఇచ్చారు. నా ఆహ్వానానికి అదీ లేదు.

కాలేజీకి వెళ్ళే ముందు మా అమ్మాయిని తీసుకెళ్ళి ఆ పతకం చూపించాను. ఈ కథంతా చెప్పాను. తల్లి కూడా కూతురితో పాటే మఠంలో చేరిందని కూడా చెప్పాను.

అది అద్దానికి ముక్కు ఆనించి కాసేపు చూసింది.

"మరి వాళ్ళమ్మ పేరేదీ?" అంది.