సేవకు వేతనం, ప్రవాసికి గూడు

రోగికి చేసే పరిచర్యకు వెల కట్టవచ్చునా, కట్టిన తరువాత అది సేవగానే మిగులుతుందా అనే ప్రశ్న భారతీయ ధర్మచింతనలో చాలా పాతది. అయినా ఈనాడు అది గ్రంథాల్లో కన్నా రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో, నర్సింగు చదివి ఊరు దాటబోయే యువతుల ఇళ్లలో ఎక్కువ సజీవంగా ఉంది. చేవెళ్లలోనూ మొయినాబాద్‌లోనూ ప్రైవేటు వైద్య కళాశాలలు, వాటికి అనుబంధంగా ఆసుపత్రులు వెలిశాయి. 2023లో రైలు పెట్టెల కర్మాగారం ప్రారంభమైన కొండకల్ వంటి పల్లెల్లో ఆడపిల్ల ఉద్యోగం ఇంటిల్లిపాది ఆలోచనగా మారింది. మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయంలో విదేశయానం కోరేవారు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక నెరవేరాక 108 ప్రదక్షిణలు చేయడం ఆచారం. ఆ ఆలయంలో హుండీ లేదు. దేవుడు భక్తుని ధనం ఆశించడన్న ఆ భావన ఎంతో ఉదాత్తమైనది; కాని దాన్నే మనుషులకు అన్వయించి, సేవ చేసేవారు ప్రతిఫలం అడగరాదనడం తప్పు, ఎందుకంటే దైవం పూర్ణం, దానికి లోటు లేదు; నర్సుకు ఆకలి, అలసట, నెల తిరిగేసరికి కట్టవలసిన ఇంటి అద్దె ఉన్నాయి.

ఈ విషయంలో బౌద్ధ వినయపిటకంలోని మహావగ్గం చూపిన వివేకం అసాధారణమైనది. అతిసారంతో తన మలమూత్రాల్లోనే పడివున్న ఒక భిక్షువును బుద్ధుడు ఆనందునితో కలిసి స్వయంగా కడిగి శుభ్రం చేసి, తనకు ఉపచారం చేయదలచినవారు రోగికి చేయాలని బోధించిన ఘట్టం అందులో ఉంది. ఆ వెంటనే మంచి పరిచారకునికి ఉండవలసిన లక్షణాలను చెబుతూ, ఆమిషం కోసం, అంటే భౌతిక లాభం కోసం కాక మైత్రీచిత్తంతో సేవించాలని గ్రంథం విధిస్తుంది. అయితే అదే ఖండంలో, రోగి అయిన భిక్షువు మరణించినపుడు అతని చీవరాలను, పాత్రను సేవ చేసినవారికి ఇవ్వాలని, ఎందుకంటే వారు ఎంతో ఉపకారం చేసినవారని సంఘానికి అనుజ్ఞ కూడా కనిపిస్తుంది. పైకి పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండు నియమాల్లో మొదటిది పరిచారకుని మనస్సును ఉద్దేశించినది, రెండవది సంఘం కర్తవ్యాన్ని ఉద్దేశించినది. పరిచారకుడు నిస్వార్థుడు కనుక అతనికి ఏమీ ఇవ్వనవసరం లేదని వాదించే హక్కును ఆ గ్రంథం సంఘానికి ఎక్కడా ఇవ్వలేదు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగింటిని చికిత్సకు పాదాలుగా చెప్పిన చరకసంహిత కూడా చికిత్సను సరుకుగా అమ్ముకోవడాన్ని నిరసించింది. ఆ నిరసన సైతం చికిత్స చేసేవాని అంతరంగానికి సంబంధించినదే గాని, వైద్యం పొందినవారికి రుణవిముక్తి పత్రం కాదు.

సేవాధర్మాన్ని గుర్తుచేసి జీతం తగ్గించే యజమాని ఈ రెండు నియమాలను కలగాపులగం చేస్తున్నాడు, అది అధర్మం. మన దేశంలో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ, 200 పడకలు మించిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతం ప్రభుత్వ నర్సుల జీతంతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపు ఆసుపత్రిలో సైతం నెలకు రూ.20,000కు తగ్గరాదని సిఫార్సు చేసింది. సెలవులు, పనిగంటలు, రవాణాతో పాటు వసతిని కూడా ఆ సిఫార్సు పేర్కొనడం గమనించదగినది. సిఫార్సుకు చట్టానికున్న బలం లేకపోవడం వల్ల కూడా చాలామంది దృష్టి సముద్రాల అవతలికి మళ్లింది.

అమెరికాలో ట్రావెల్ నర్సు అంటే ఒక ఆసుపత్రిలో స్థిరోద్యోగి కాక, ఏజెన్సీ ద్వారా నర్సుల కొరత ఉన్న చోటికి సాధారణంగా 13 వారాల ఒప్పందంపై వెళ్లి పనిచేసే రిజిస్టర్డ్ నర్సు. ఎన్‌సీఎల్‌ఈఎక్స్ అనే లైసెన్సు పరీక్ష నెగ్గి, ఈబీ-3 వర్గంలో వలస వీసాపై వెళ్లిన తెలుగు నర్సులు మామూలుగా తమను పిలిపించుకున్న సంస్థతో తొలి ఒప్పందం ముగిశాక ఈ మార్గానికి వస్తారు. ట్రావెల్ నర్సుకు ఏజెన్సీ చూపే వారపు మొత్తం ఒకే ముద్ద కాదు. పన్ను పడే గంటల వేతనం ఒక భాగం, వసతికి, భోజనానికి ఇచ్చే భత్యాలు మరొక భాగం. ఉదాహరణకు 36 గంటల పనికి 2,200 డాలర్లని చెబితే, గంటకు 25 చొప్పున 900 డాలర్లే వేతనమై, మిగిలిన 1,300 భత్యం కావచ్చు. మొదటిసారి వెళ్లే నర్సు మొత్తాన్ని 36తో భాగించి గంటకు 61 డాలర్లని సంబరపడుతుంది. కాని వృద్ధాప్య పింఛనుకు ఆధారమైన సోషల్ సెక్యూరిటీ జమ, నిరుద్యోగ భృతి 900 మీదనే లెక్కకు వస్తాయి, ఓవర్‌టైమును కూడా చాలా ఒప్పందాలు ఆ మూలవేతనం మీదనే కడతాయి. షిఫ్టు రద్దయితే భత్యంలో కోత పెట్టే ఒప్పందాలు ఉన్నందువల్ల, వారానికి ఎన్ని గంటల పనికి హామీ ఉందో సంతకానికి ముందే అడగాలి. ఇలా అడగడం ధనాశ అని సంకోచించనక్కరలేదు, ఎందుకంటే రోగి మంచం దగ్గర మనస్సులో లెక్కలు మెదలకూడదన్నదే మహావగ్గం ఆశయమైతే, ఆ లెక్కలు ఏజెన్సీ దగ్గర ముందే తేలిపోవడం దానికి సహకరిస్తుంది.

వసతికి రెండు దారులున్నాయి. ఏజెన్సీ చూపిన ఇంట్లో దిగితే అడ్వాన్సు, సామాను బెడద ఉండదు, కాని ఎంపిక తక్కువ, మిగులు ఉండదు. భత్యం తీసుకొని సొంతంగా వెతుక్కుంటే కొంత మిగలవచ్చు, కాని ఆసుపత్రి ఒప్పందాన్ని మధ్యలో రద్దు చేస్తే ఇంటి లీజు ఆమె మెడకే చుట్టుకుంటుంది. తొలి ఒప్పందానికి ఏజెన్సీ ఇల్లో, నెలనెలా అద్దెకు దొరికే గదో మేలు. చీవరం, భిక్షాన్నం, ఔషధాలతో పాటు శయనాసనాన్ని, అంటే పడుకునే చోటును, సంచార భిక్షువుకు సైతం కనీసావసరంగా గుర్తించిన సంప్రదాయం ముందు వసతిని విలాసంగా చూడటం చెల్లదు.

అసలైన తాత్త్వికమైన చిక్కు ‘ట్యాక్స్ హోమ్’ దగ్గర ఎదురవుతుంది. భత్యంపై పన్ను పడకుండా ఉండాలంటే నర్సుకు వేరొక చోట నిజమైన స్థావరం ఉండాలి. సాధారణంగా అది ప్రధానంగా పనిచేసే ప్రాంతం. అలాంటి ప్రాంతం లేనివారి విషయంలో పన్ను శాఖ మూడు సంగతులు చూస్తుంది: ఇంటి పరిసరాల్లో కొంత పని చేస్తూ ఆ ఇంట్లో ఉంటున్నారా, ఆ ఇంటి ఖర్చును, బయటి వసతి ఖర్చును రెండింటినీ భరిస్తున్నారా, ఆ చోటును విడిచిపెట్టేయకుండా కుటుంబమో తామో అక్కడ నివసిస్తున్నారా అని. వీటిలో ఒక్కటే నిలిస్తే ఆమెను స్థిరనివాసం లేని సంచారిగా లెక్కగట్టి భత్యంపై కూడా పన్ను విధిస్తారు. ఒకేచోట పని ఏడాదికి మించుతుందని ముందే తెలిసినా అంతే. కొండకల్‌లో అమ్మానాన్నలున్న ఇంటిని ఆమె ‘మా ఇల్లు’ అనడం పరమసత్యమే, అయినా ఆ పరిసరాల్లో ఆమెకు పని లేక, ఆ ఇంటి ఖర్చు ఆమె మోయకపోతే ఆ ఇల్లు పన్ను లెక్కకు ఆనదు. అలాంటపుడు అమెరికాలోని ఏ బంధువు చిరునామానో, పైసా అద్దె కట్టకుండానే, తన స్థావరంగా రాసి సంతకం చేయడం అసత్యమే. అందరూ చేసేదే అని నచ్చజెప్పే ఏజెంటు రేపు పన్ను శాఖ నోటీసులో భాగం పంచుకోడు.

మహాభారతం అరణ్యపర్వంలో లోకంలో సుఖి ఎవరన్న యక్షుని ప్రశ్నకు, అప్పు లేక, పరదేశవాసం లేక, తన ఇంట కూరాకు వండుకు తినేవాడని ధర్మరాజు సమాధానం చెబుతాడు. వలస నర్సు ఆ రెండింటిలో ఒకదాన్ని కోరి వదులుకుంటోంది గనుక, అప్పు లేకపోవడాన్నైనా కాపాడుకోవడం ఆమెకు ముఖ్యం. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు జీఎస్టీ కాక రూ.30,000కు మించి సేవా రుసుము తీసుకోరాదని వలస నిబంధనలు చెబుతున్నాయి. విదేశీ ఉద్యోగాలకు పంపేందుకు తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ కూడా ఉంది. ఈ దారులు తెలియక లక్షల్లో అప్పు తెచ్చుకున్న నర్సుకు భత్యం విషయంలో నిజం చెప్పడం మరింత ఖరీదైన పని అవుతుంది, ఎందుకంటే పన్ను కట్టిన తరువాత చేతికి వచ్చే మొత్తం బాగా తగ్గుతుంది. రెండు ఏజెన్సీల ప్రతిపాదనలను పోల్చేటపుడు ఆమె చూడవలసింది ఆ తగ్గిన అంకెనే. ఊరికి పంపగలిగేదీ, అప్పు తీర్చగలిగేదీ అందులోంచే.