సగం చెంబు

మా పుల్లలచెరువు వైపు పల్లెల్లో ఇంటికి చుట్టం వస్తే ముందు కాళ్ళకి నీళ్ళిస్తారు. కుశల ప్రశ్నలు ఆ తర్వాతే. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకున్న వేసవిలోనైనా ఈ మర్యాద తప్పదు. అయితే దీనికి రెండో సగం ఒకటుంది, దాన్నెవరూ పైకి చెప్పరు. వచ్చినవాడు సగం చెంబుతోనే పాదాలు తడుపుకుని, మిగిలిన సగం గుమ్మం పక్కనున్న మిరపమొక్కకి పోస్తాడు. లేదనకపోవడం ఇచ్చేవాళ్ళ వంతు, మిగల్చడం పుచ్చుకునేవాడి వంతు.

మరి డబ్బిచ్చి వచ్చిన చుట్టం సంగతేమిటి? అతనూ మిగల్చాలా?

ఈ ప్రశ్న నాకు మధ్యధరా సముద్రం నడుమ పుట్టింది. కిందటేడు వేసవిలో, లండన్‌లో ఉంటున్న మా పిన్ని కూతురి కుటుంబంతో కలిసి గ్రీసు దీవులు చూడబోయాను. పిరియస్ రేవులో ఓడెక్కి పారోస్, నాక్సోస్, ఆఖరికి శాంటోరిని. ఇది ఒకప్పుడు అగ్నిపర్వతం. దాదాపు 3600 ఏళ్ళ కిందట బద్దలై నడుమ కుంగిపోతే సముద్రం లోపలికొచ్చింది. మిగిలిన అంచు మీద, కొండకొమ్మున, సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు. పొద్దుగుంకేవేళ ఓయా ఊరి సందుల్లో జనాన్ని చూస్తే శివరాత్రినాటి త్రిపురాంతకం గుర్తొచ్చింది.

తిండికేం, బాగానే కుదిరింది. ఫావా అని, బటాణీల జాతి గింజని మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ ముక్కలూ ఆలివ్ నూనే వేసి పెడతారు. అచ్చం మన ముద్దపప్పే, పక్కన ఆవకాయ లేని లోటు తప్ప! ఉసిరికాయంత టమాటాలు, ఎంత రుచో. వాటికి నీళ్ళు పెట్టరట. ద్రాక్షతీగని పందిరెక్కించకుండా నేలమీదే బుట్టలా చుడతారు. గుత్తులు లోపల గాలిదెబ్బ తగలకుండా ఉంటాయి, సముద్రం మీంచి వచ్చే రాత్రి తేమతోనే కాస్తాయి. వానని నమ్ముకుని కంది వేసే మావాళ్ళకి చూపిస్తే ఒక్క మాట చెప్పనక్కర్లేకుండా అర్థమయ్యేది. పాతకాలపు ఇళ్ళలో అయితే మిద్దె మీద పడ్డ వాన కిందనున్న తొట్టిలోకి దిగేట్టు కట్టుకున్నారు.

అలాంటి దీవిలో ఇవాళ గది గదికీ ఈతకొలను! మా గది ముందూ ఒకటుంది. మంచినీళ్ళలో చాలా భాగం సముద్రపు నీటి ఉప్పు తీసి చేసుకోవలసిందే. కాపురముండేవాళ్ళు పదిహేను వేల చిల్లర. 2024 జూలైలో ఒక్కరోజున విహారనౌకల్లోనే పదివేలమందికి పైగా దిగుతున్నారని, ఊళ్ళోవాళ్ళు ఆ రోజు తిరగడం తగ్గించుకోవాలని స్థానిక నాయకుడొకరు ప్రకటన చేశారు. చుట్టాలొచ్చారని ఇంటివాళ్ళని గదిలో కూచోమనడమన్నమాట. 2025 నుంచి నౌకల్లో రోజుకి 8000 మందే దిగాలని హద్దు పెట్టారు.

అదే సముద్రం ఒడ్డునున్న బార్సిలోనాలో 2024 ఫిబ్రవరిలో కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించి, మనిషికి రోజుకి 200 లీటర్లు మించరాదన్నారు. మన పల్లెలకి ప్రభుత్వం పెట్టుకున్న లెక్క 55. వాళ్ళ కరువు మనకి వస్తే బాగుండునని నవ్వుకున్నాను. ఆ జూలైలోనే అక్కడివాళ్ళు హోటళ్ళ ముందు కూర్చున్న యాత్రికుల మీద బొమ్మ తుపాకులతో నీళ్ళు చిమ్మారు.

"డబ్బు కట్టాం కదక్కా," అంది మా చెల్లెలు. తీసిపారేసే మాట కాదది. 1956 భూకంపం తర్వాత శాంటోరిని వదిలి ఎంతోమంది వలసపోయారు. దీవికి మళ్ళీ కళ వచ్చింది యాత్రికుల వల్లే. మిరపకోతలకి గుంటూరు వైపు తరలిపోయే కుటుంబాల్ని చూస్తూ పెరిగినదాన్ని, మా ఊళ్ళో ఎవరైనా హోటలు కడతానంటే వద్దంటానా? అనలేను.

కానీ ఒక తేడా ఉంది. మా ఊళ్ళో చెంబు ఇచ్చేదీ, ఆ పూట నీళ్ళకి ఇబ్బంది పడేదీ ఒకే ఇల్లాలు. అక్కడ బిల్లు తీసుకునేది ఒకరు, కొరత పడేది పక్కింటివాళ్ళు. నేను కట్టిన డబ్బులో వాళ్ళకి ముట్టిందెంత? హోటలుకి బాకీ తీరినంత మాత్రాన ఊరికీ తీరినట్టేనా? స్నానాలగదిలో మాత్రం, తువ్వాలు రోజూ ఉతకమని అడగవద్దంటూ ఒక చీటీ. కొలను కట్టేటప్పుడు లేని పొదుపు తువ్వాలు దగ్గర గుర్తొచ్చింది కాబోలు!

నేను ఆ కొలనులో దిగలేదు.

"నువ్వు దిగకపోతే అందులో నీళ్ళేమైనా వెనక్కి పోతాయా?" అంది చెల్లెలు. అదీ నిజమే.

మొన్న ఫోను చేసి, ఈసారి నవంబరులో వెళదామంది. అప్పటికి చాలా హోటళ్ళు మూసేస్తారట, కొలనులుండవు, టమాటాలూ ఉండవు. సముద్రం చల్లగా ఉంటుంది, ఓడలూ తక్కువే. వానలు మాత్రం అక్కడ చలికాలంలోనే పడతాయి. తొట్టి నిండే చప్పుడైనా వినొచ్చు, వస్తానన్నాను.