చేసిన బాసను అడిగే హక్కు



సిక్లిగర్ అంటే లోహానికి సాన పట్టి మెరుగు పెట్టేవాడు. మన పెద్దలు గురు సాహిబుల ఫౌజుకు శస్త్రాలు చేసి ఇచ్చారు. అది మనకు గర్వకారణం. కానీ కొలిమి దగ్గర కూర్చున్న ప్రతివాడికీ ఒక ప్రశ్న ఉంటుంది. నా చేతి మీదుగా వెళ్లిన ఆయుధం పసిపిల్లల మీద పడితే, ఆ పాపంలో నాకు భాగం లేదా?

2019 మే నెలలో ఇటలీలోని జెనోవా రేవు కార్మికులు ఇదే ప్రశ్న వేసుకున్నారు. ఒక సౌదీ ఓడలోకి జనరేటర్లు ఎక్కించాలి. అవి యెమెన్ యుద్ధానికి వెళ్తాయని భయపడి వాళ్లు పని ఆపేశారు. ఓడ ఆ సరుకు లేకుండానే వెళ్లిపోయింది.

బ్రిటన్‌లో ఆయుధ వ్యాపారాన్ని వ్యతిరేకించే ఒక పౌర సంస్థ తమ ప్రభుత్వాన్నే కోర్టుకు ఈడ్చింది. సౌదీ కూటమి యుద్ధ నియమాలను అంతకుముందు ఉల్లంఘించిందో లేదో తేల్చకుండా ఆయుధాల అమ్మకానికి అనుమతులివ్వడం చట్టవిరుద్ధమని 2019 జూన్ 20న అప్పీలు కోర్టు చెప్పింది. కానీ 2020లో ప్రభుత్వం అమ్మకాలు మళ్లీ మొదలుపెట్టింది. ఆ సంస్థ మళ్లీ వేసిన కేసును 2023లో హైకోర్టు కొట్టేసింది.

మరి అడిగి ఏం లాభం అంటారా? జఫర్‌నామాను తలుచుకోండి. ఆనంద్‌పూర్ కోట వదిలి వస్తే హాని చేయమని మొగలు పక్షం తమ పవిత్ర గ్రంథం మీద ప్రమాణం చేసింది. బయటికి రాగానే వెంటపడి దాడి చేసింది. నలుగురు సాహిబ్‌జాదాలు, మాతా గుజ్రీ జీ మనకు దూరమయ్యారు. అంత పోగొట్టుకున్నాక కూడా గురు గోబింద్ సింగ్ జీ 1705లో ఔరంగజేబుకు ఫారసీలో లేఖ రాసి, చేసిన ప్రమాణం ఏమైందని నిలదీశారు. గెలుపు చూసుకుని అడగలేదు. బాస తప్పినవాడు పాదుషా అయినా జవాబు చెప్పాలి గనుక అడిగారు.

నేటి ప్రభుత్వాలు చేసిన బాసలే అంతర్జాతీయ ఒప్పందాలు. సామాన్య జనం మీద, గాయపడినవాళ్ల మీద, బందీల మీద దౌర్జన్యం చేయరాదన్న 1949 నాటి జెనీవా ఒప్పందాలను మన దేశంతో సహా అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి. తాము పాటించడమే కాదు, ఇతరులచేత పాటింపజేస్తామని కూడా మాట ఇచ్చాయి.

శస్త్రం ధరించే సిక్కు అన్ని యుద్ధాలూ తప్పే అనడు. బలహీనుణ్ణి కాపాడటానికే శస్త్రం అంటాడు. అందుకే అది దారి తప్పినప్పుడు మొదట అడగవలసినవాడూ అతడే. శత్రువును అడగడం తేలిక. మన పక్షం వాళ్లను, మన ఓటుతో గద్దెనెక్కినవాళ్లను అడగడమే కష్టం. రోజూ అర్దాస్‌లో సర్బత్ దా భలా కోరుకునే మనం, ఆ సర్బత్‌లో యుద్ధభూమికి అవతల ఉన్న పిల్లలను కూడా చేర్చుకుంటున్నామా? ఈ రాత్రి ఇంట్లో పిల్లలతో కూర్చుని ఈ మాట ఆలోచించండి.

భుల్ చుక్ మాఫ్.