కుర్చీకి అద్దె

హువా హిన్ తీరంలో పడక కుర్చీలు అద్దెకిచ్చే పెద్దావిడ ఒకామె ఉండేది. అందరూ ఆమెను ‘పా’ అనేవారు, మనం పెద్దమ్మా అన్నట్టు. బ్యాంకాక్‌కు నైరుతిగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, థాయ్‌లాండ్ సింధుశాఖ ఒడ్డున ఉన్న ఊరది. 1911లో రైలు వచ్చాక రాజులూ, వాళ్ల వెనకే కాస్త డబ్బున్నవాళ్లూ గాలి మార్పుకని అక్కడికి చేరడం మొదలైంది.

ఒక ఎండాకాలం బ్యాంకాక్‌లోని సాంపెంగ్ బజారు నుంచి టోకు బట్టల వ్యాపారి ఒకాయన నాలుగు రోజులు సేదతీరదామని వచ్చాడు. పొద్దున్నే తీరానికి దిగి, అల వచ్చి ఆగే చోటుకు రెండడుగుల ఇవతల వేలు పెట్టి చూపించాడు.

“కుర్చీ ఇక్కడ వెయ్యి పా. సాయంత్రం దాకా కదపొద్దు. ఎంత?”

“వంద బాత్, థావ్‌కే.” చైనా సంతతి షావుకార్లను అక్కడ అలాగే పిలుస్తారు. “కానీ మధ్యాహ్నం పోటు...”

“డబ్బిచ్చానా, లేదా?”

పా మాట్లాడలేదు. గొడుగు మాత్రం మామూలుకన్నా జానెడు లోతుగా పాతింది.

నీళ్లు వెనక్కి తీసి ఉన్నాయి. కుర్చీ కాళ్ల చుట్టూ తడి ఇసుకలో గోరంత పీతలు పనిలో ఉన్నాయి. ఇసుకను నోటికి ఎత్తుకోవడం, అందులో తినదగ్గది తినేయడం, మిగిలినదాన్ని మిరియపు గింజంత ఉండ చేసి పక్కన పడేయడం, మళ్లీ అదే. ప్రతి బొరియ చుట్టూ ఉండలు వరసలు కట్టి కిరణాల్లా పరుచుకున్నాయి. పోటొస్తే అన్నీ పోతాయి. తగ్గాక మళ్లీ మొదలు. షావుకారు వాటి శ్రద్ధను మెచ్చుకున్నాడు గానీ, అవి బొరియల్లోకి ఎందుకు దూరుతున్నాయో పట్టించుకోలేదు.

మధ్యాహ్నం పా, ఆమె మనవడు ఒక్కో కుర్చీనీ వెనక్కి జరుపుతూ వచ్చారు. జనం కొబ్బరి బోండాలు చేత పట్టుకుని లేచారు, నాలుగడుగులు వేశారు, మళ్లీ పడుకున్నారు. ఒక ముసలాయన గురక ఎక్కడ ఆపాడో అక్కడే అందుకున్నాడు. షావుకారు మాత్రం కదల్లేదు. నీళ్లు పాదాలకు తగిలాయి, ఆయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. చెప్పుల్లో ఒకటి తేలి పోయింది. ఆ సాయంత్రమంతా ఆయన చూసింది సముద్రాన్ని కాదు, వచ్చే ప్రతి అలనీ.

పొద్దు వాలాక సగం డబ్బు వెనక్కిమ్మన్నాడు.

“నేను కుర్చీకి అద్దె తీసుకున్నాను థావ్‌కే, ఇసుకకు కాదు,” అంది పా. “ఇసుక నాదైతే మీకు ఊరికే ఇచ్చేదాన్ని.”

మర్నాడు ఆయన పంతం కొద్దీ కుర్చీని అందరికన్నా వెనక, సరుగుడు చెట్ల కింద వేయించుకున్నాడు. ఇక ఏ నీళ్లూ రావు, నిజమే. కానీ పోటు తగ్గాక సముద్రం దూరంగా వెళ్లిపోయింది. కాళ్లు తడుపుకోవాలంటే కాలే ఇసుక మీద గెంతుకుంటూ పోవాలి. కాల్చిన స్క్విడ్ అమ్మేవాళ్లు, పచ్చి బొప్పాయి దంచి సొమ్‌తామ్ చేసి పెట్టేవాళ్లు నీటి వెంట ఉన్న జనం దగ్గరే తిరిగారు, చెట్ల దాకా ఒక్కరూ రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పా కుర్చీలు జరుపుకుంటూ ఆయన దగ్గరికి వచ్చేసరికి, షావుకారు కుర్చీకి ఒక కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నీతి: చోటు పట్టుకుని కూర్చున్నవాడికి విశ్రాంతి దొరకదు.

ఈ కథ విని అత్యాశ కూడదని చెప్పేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. షావుకారు ఎవరి సొమ్మూ ఆశించలేదు, డబ్బిచ్చినదే అడిగాడు. కొట్లో గజాల లెక్కన కొలిచి అమ్మిన అలవాటు సెలవుల్లో కూడా ఆయన్ని వదల్లేదు, అంతే. పనివాళ్లలో ఈ జబ్బు లేనివాళ్లు తక్కువ.

ఆ తీరంలో పెద్ద కుర్చీని జరిపినవాడు ఒక రాజు. ఆరో రామ బిరుదున్న వజిరావుధ్‌కు కీళ్లనొప్పులుండేవి. వైద్యులు సముద్రపు గాలి మంచిదన్నారు. ఫెచ్చబురి ప్రాంతంలో ఒక తీరాన కొయ్య మేడ కట్టించుకుంటే అక్కడ ఈగలు, మంచినీళ్లకు కటకట. రాజు కదా, ఈగలను బహిష్కరిస్తూ ఫర్మానా జారీ చేయవచ్చు. ఆయన ఆ పని చేయకుండా మేడనే విప్పించి, ఆ కలపతో 1923లో హువా హిన్‌కు ఉత్తరంగా మృగదాయవన్ కట్టించాడు. నేలకు ఎత్తుగా వరండాలతో కలిపిన టేకు ఇళ్ల వరస అది. చీమలు ఎక్కకుండా స్తంభాల మొదట్లో నీళ్లు నిలిచే గాడులు పెట్టారు. అంత చేసి ఆయన అక్కడ గడిపింది 1924, 1925 వేసవులే. 1925 నవంబరులో కన్నుమూశాడు. రెండు వేసవులకు అంత శ్రమా అనేవారు అనొచ్చు. మేడ కదలనంటూ ఈగల మధ్యే కూర్చుని ఉంటే ఆ రెండూ దక్కేవి కావు.

హువా హిన్‌లో గది తీసుకునేవాళ్లు సముద్రం ఎంత దూరమని అడుగుతారు. హోటలు వాళ్లు మీటర్లలో చెబుతారు. ఏ గంటకు అని ఎవరూ అడగరు.